పిల్లల డాక్టర్‌తో: స్కాన్ నార్మల్ వచ్చింది కదా, ఆడనివ్వొచ్చా?

ఈ నెల తలకు దెబ్బ తగిలిన పిల్లల గురించే మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ అమెరికాలో ఉంటున్న మనవాళ్ల నుంచే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. నేను లాయర్ని కాదు. డల్లాస్ ప్రాంతంలో పంతొమ్మిదేళ్లుగా పిల్లల డాక్టర్‌ని. స్కూల్ నుంచి వచ్చే కంకషన్ (దెబ్బకి మెదడు లోపల కుదుపుకి గురవడం) కాగితాల మీద సంతకం చేసేది నాలాంటివాళ్లమే కాబట్టి, ఆ కాగితాలు అడిగే చట్టం ఏమంటుందో చదువుకుని ఉండటం నా పని.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో గ్రేడ్. స్కూల్ జేవీ (జూనియర్) సాకర్ టీమ్‌లో ఆడుతుంది. మొన్న మంగళవారం మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టబోతే, అవతలి టీమ్ అమ్మాయి తల వచ్చి దీని కణతకి గట్టిగా తగిలింది. కింద పడి లేచింది. తల పట్టుకునే ఇంకో పది నిమిషాలు ఆడింది. నేను స్టాండ్స్‌లోంచి చూస్తూనే ఉన్నాను. కోచ్ ఏమీ అనలేదు కదా, మధ్యలో మనం వెళ్తే బాగోదేమోనని ఆగిపోయాను. తర్వాత అది బంతితో మా గోల్ వైపే పరుగెత్తడం చూసి ట్రైనర్ (ఆటలో తగిలే దెబ్బలు చూసుకునే స్కూల్ మనిషి) బయటికి పిలిచేసింది.

ఇప్పటికి ఐదు రోజులు. వెలుతురు చూస్తే తలనొప్పి అంటోంది. పుస్తకం తీస్తే పది నిమిషాలకే మూసేస్తోంది. ఎమర్జెన్సీలో సీటీ స్కాన్ తీసి కంకషన్ అన్నారు, కానీ స్కాన్ నార్మల్. 'స్కాన్ నార్మల్ అయితే ఇంకేం' అంటున్నారు మా వారు. వచ్చే శుక్రవారం మ్యాచ్ చూసి వచ్చే ఏడాది వర్సిటీకి, అంటే స్కూల్ మెయిన్ టీమ్‌కి, ఎవరిని తీసుకోవాలో అనుకుంటారట, అది ఒకటే ఏడుపు. డాక్టర్ లెటర్ లేనిదే ఆడనివ్వం అంటోంది స్కూల్. మా బావగారు హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్. వీడియో కాల్‌లో చూసి, బాగానే ఉంది, లెటర్ పంపిస్తానన్నారు. అది చెల్లుతుందా? దెబ్బ తగిలిన రాత్రి నిద్రపోనివ్వకూడదని మా అత్తయ్య గారు అంటే తెల్లవార్లూ లేపుతూ కూర్చున్నాం. రేపు ఆల్జీబ్రా టెస్ట్ కూడా ఉంది. ఆగస్టులో ఏదో కంకషన్ ఫారం మీద సంతకం పెట్టాను, నిజం చెప్పాలంటే చదవలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
(పేరు వద్దన్నారు, ఫ్రిస్కో)

జవాబు: అమ్మా, మీ మెయిల్ చూసిన సాయంత్రమే మీతో ఫోన్లో మాట్లాడాను. ఆ తొందరలో చెప్పలేకపోయినవి, ఇంకొందరు తల్లులకి పనికొస్తాయనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు బావగారి లెటర్ సంగతి. చెల్లదు. ఆయన ఎంత పెద్ద న్యూరాలజిస్ట్ అయినా చెల్లదు. టెక్సస్ విద్యా చట్టం 38వ అధ్యాయంలో కంకషన్ల గురించి ఒక భాగం ఉంది. 2011లో వచ్చింది. సాకర్‌లో పదేపదే తలకి దెబ్బలు తిని ఆట వదులుకోవాల్సి వచ్చిన ఒక అమ్మాయి పేరు మీద దాన్ని 'నతాషాస్ లా' అంటారు. అందులో డాక్టర్ అంటే ఎవరో నిర్వచనం ఉంది: ఈ రాష్ట్రంలో వైద్యం చేయడానికి లైసెన్స్ ఉన్నవారు. అయితే ఆ డాక్టర్ ఎవరన్నది మీ ఇష్టం. స్కూల్ చెప్పినవాళ్ల దగ్గరికే వెళ్లాలని లేదు. మీ పిల్లల డాక్టర్ అయినా సరే, స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్లయినా సరే. బావగారిని మాత్రం వదిలేయకండి. మీ వారికి నచ్చజెప్పడానికి ఆయన మాట నాకన్నా బాగా పనిచేస్తుంది. లెటర్ అడగకుండా, 'ఇది మీ అమ్మాయే అయితే శుక్రవారం ఆడనిస్తారా' అని అడగండి.

స్కాన్ నార్మల్ అన్న మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. సీటీ తీసేది లోపల రక్తం కారుతోందా, ఎముక విరిగిందా అని చూడటానికి. కంకషన్ దానిలో కనపడదు. ముంతలో తోడుపెట్టిన పెరుగుని ఒక్కసారి గట్టిగా కుదిపి చూడండి. ముంత ఎక్కడా పగలదు, లోపల పెరుగు మాత్రం చెదురుతుంది. మెదడు కూడా పుర్రెలో అలాగే కదులుతుంది. ఆ కుదుపుకి మెదడు కణాల్లో రసాయనాల సమతూకం తప్పుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి కణాలకి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. మీ అమ్మాయి పది నిమిషాలకే పుస్తకం మూసేస్తోందంటే బద్ధకం కాదు, ఆ శక్తి చాలడం లేదు. పెరుగు మళ్లీ తోడుకోదు కానీ మెదడు తేరుకుంటుంది. దానికి కావలసింది టైమ్. ఎక్కువమంది పిల్లలు రెండు నుంచి నాలుగు వారాల్లో మామూలైపోతారు. ఇంకో మాట, స్పృహ తప్పలేదు కాబట్టి కంకషన్ కాదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కంకషన్ అయిన పదిమందిలో ఒకరు కూడా స్పృహ తప్పరు.

తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే? ఈ చట్టాలన్నీ పుట్టింది ఆ భయంలోంచే. 2006 అక్టోబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ల పిల్లాడు స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తల నేలకి కొట్టుకుని పడ్డాడు. కాసేపు బయట కూర్చున్నాడు, రెండో సగంలో మళ్లీ దిగాడు. ఆట అయ్యాక మైదానంలోనే కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తస్రావం. ప్రాణం నిలబెట్టడానికి పుర్రె రెండు వైపులా తెరవాల్సి వచ్చింది. మళ్లీ మొదటి మాట పలకడానికి వాడికి తొమ్మిది నెలలు పట్టింది. తల్లిదండ్రులు ఊరుకోలేదు, ఆ రాష్ట్రమంతా తిరిగారు. 2009 మే 14న అక్కడి గవర్నర్ సంతకంతో దేశంలోనే మొదటి కంకషన్ చట్టం ఆ పిల్లాడి పేరు మీద వచ్చింది. 2014 జనవరికి మిసిసిపీ కూడా చేరి యాభై రాష్ట్రాలూ పూర్తయ్యాయి. దేశమంతటికీ కలిపి ఒకే చట్టం లేదు, రాష్ట్రానికొకటి. మూలం మాత్రం దాదాపు అన్నిట్లోనూ వాషింగ్టన్ చెప్పిన మూడు మాటలే: పిల్లలకీ తల్లిదండ్రులకీ ముందే తెలియజెప్పాలి, అనుమానం వస్తే వెంటనే ఆట ఆపాలి, వైద్యులు రాసిచ్చేదాకా మళ్లీ దించకూడదు.

మీరు చదవకుండా సంతకం పెట్టిన ఆగస్టు ఫారం ఆ మొదటి మాట కిందికి వస్తుంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ వారంలో ఫిజికల్ ఫారం, ఎమర్జెన్సీ కార్డు, బస్సు కాగితం, ఇరవై సంతకాలు ఉంటాయి. కానీ ఇప్పుడు తీసి చదవండి.

స్టాండ్స్‌లో కూర్చుని ఆగిపోయానని రాశారు. ఫోన్లో కూడా దాని గురించే ఎక్కువ బాధపడ్డారు. టెక్సస్ చట్టం ప్రకారం వీళ్లలో ఎవరికి అనుమానం వచ్చినా పిల్లని వెంటనే ఆటలోంచి తీసేయాలి: కోచ్, డాక్టర్, లైసెన్స్ ఉన్న వైద్య సిబ్బంది, తల్లి లేదా తండ్రి. అవును, తల్లి పేరు అందులో ఉంది. కంకషనే అని మీరు నిరూపించనక్కర్లేదు, అయ్యుండొచ్చని అనిపిస్తే చాలు. స్టాండ్స్‌లోంచి దిగి లైన్ దగ్గరికి వెళ్లి 'మా అమ్మాయిని బయటికి తీయండి' అంటే ఎవరూ కాదనకూడదు. మనం మొహమాటపడతాం. పరాయి దేశం, ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడితే ఏమనుకుంటారో అనుకుంటాం. ఈ విషయంలో మాత్రం మొహమాటం వద్దమ్మా. ఆ పది నిమిషాల్లో ఇంకో దెబ్బ తగల్లేదు, అంతవరకు సంతోషం. ఆ ట్రైనర్‌కి మాత్రం ఒక థాంక్యూ కార్డు పంపండి. మన గోల్ వైపు పరుగెత్తడం చూసి పట్టుకుందంటే తన పని తెలిసిన మనిషి.

నాకు అలాంటి ట్రైనర్ లేదు. నాది తెనాలి దగ్గర ఊరు. తొమ్మిదో తరగతిలో జోనల్ గేమ్స్‌లో కబడ్డీ ఆడుతూ, రైడ్‌కి వెళ్లి వెనక్కి పడ్డాను. తల వెనక భాగం నేలకి కొట్టుకుంది. కళ్ల ముందంతా తెల్లగా అయిపోయింది. పీఈటీ సార్ మొహం మీద నీళ్లు చల్లి, సోడా తాగించి, 'ఏం కాలేదు, వెళ్లు' అని మళ్లీ కోర్టులోకి పంపారు. ఆయన చెడ్డవారు కాదు, పిల్లలంటే ప్రాణం. ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, అంతే. ఆ తర్వాతి ఆట నాకు ఇప్పటికీ గుర్తులేదు. గెలిచామని మర్నాడు స్నేహితురాలు చెప్పింది. తిరుగు బస్సులో రెండుసార్లు వాంతి చేసుకున్నాను. నెల రోజులపాటు పుస్తకంలో అక్షరాలు ఈదుతున్నట్టు ఉండేవి. క్వార్టర్లీలో లెక్కలు తప్పాను. అమ్మ దిష్టి తీసింది. ఆటల పిచ్చిలో పడి చదువు పాడుచేసుకుందని నాన్న కబడ్డీ మాన్పించారు. ఆ నెలంతా నేను అబద్ధం ఆడుతున్నానని ఇంట్లో అందరూ నమ్మారు, కొన్నాళ్లకి నేనూ నమ్మాను. అది కంకషన్ అని నాకు అర్థమైంది ఇక్కడ రెసిడెన్సీ రెండో ఏడాదిలో, నా ముందు కూర్చున్న ఒక పిల్ల నా లక్షణాలే ఒక్కొక్కటిగా చెబుతుంటే.

అందుకే రేపటి ఆల్జీబ్రా టెస్ట్ నాకు శుక్రవారం మ్యాచ్ కంటే ముఖ్యంగా కనిపిస్తోంది. వాయిదా వేయించండి. టెక్సస్ చట్టం ఎక్కువగా ఆట గురించే మాట్లాడుతుంది, చదువు సంగతి మనమే అడిగి తీసుకోవాలి. స్కూల్ కౌన్సిలర్‌కి ఈ రాత్రే మెయిల్ పెట్టండి. డాక్టర్ దగ్గర ఇంకో కాగితం అడగండి, ఆటకి కాదు, చదువుకి. సగం పూట స్కూల్, క్లాసు మధ్యలో నర్స్ గదిలో పావుగంట విశ్రాంతి, హోంవర్క్ తగ్గింపు, కెఫెటీరియా గోలకి బదులు లైబ్రరీలో లంచ్, పరీక్షలు వాయిదా, అవసరమైతే క్లాసులో టోపీ, చలవ కళ్లద్దాలు. ఇవన్నీ స్కూళ్లు రోజూ ఇస్తున్నవే, అడగడానికి సిగ్గుపడాల్సింది లేదు. లక్షణాలు నెలలు దాటి సాగితే 1973 నాటి రీహాబిలిటేషన్ యాక్ట్‌లోని సెక్షన్ 504 కింద పద్ధతిగా ప్లాన్ రాయించుకోవచ్చు. మీకు అంతదూరం రాదనే నా ఆశ.

నిద్ర గురించి. అత్తయ్య గారి మాట పాతకాలంలో డాక్టర్లు కూడా చెప్పిందే, ఆవిడని ఏమీ అనకండి. కానీ ఎమర్జెన్సీలో చూసి ఇంటికి పంపాక పిల్లని పడుకోనివ్వాలి. నిద్ర మందు లాంటిది. అలాగని రెండు వారాలు చీకటి గదిలో పెట్టే పద్ధతీ ఇప్పుడు లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ రంగం నిపుణులు కూర్చుని మరుసటి ఏడాది ప్రచురించిన సూచనల్లో ఉన్నది ఇది: మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ రెండు రోజులూ ఫోనూ టీవీ బాగా తగ్గించడం, తర్వాత నెమ్మదిగా నడక. నడిస్తే తలనొప్పి కాస్త పెరిగి తగ్గిపోయినా ఫరవాలేదు. బాగా పెరిగితే ఆ రోజుకి ఆపేయాలి. ఐదు రోజులైంది కాబట్టి సాయంత్రం మీరిద్దరూ వీధి చివరిదాకా నడిచి రండి. పరుగు వద్దు, బంతి వద్దు.

ఇక శుక్రవారం. మీ అమ్మాయికి ఇది కూడా చదివి వినిపించండి. మళ్లీ ఆటలోకి వెళ్లడం ఒక్క గెంతు కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు లక్షణాలు లేకుండా రోజంతా మామూలుగా స్కూల్‌కి వెళ్లి రావాలి. తర్వాత సైకిల్ తొక్కడం లాంటి తేలిక వ్యాయామం. ఆ తర్వాత కాస్త పరుగు. ఆపైన ఎవరూ తగలకుండా గట్టి ప్రాక్టీస్. అది దాటితే అందరితో కలిసి పూర్తి ప్రాక్టీస్. చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. మధ్యలో తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు కిందికి దిగాలి. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. తలనొప్పి రేపే పూర్తిగా పోయినా శుక్రవారానికి కుదరదు. అది నేను చెప్పేది కాదు, మీ బావగారు చెప్పేదీ కాదు, లెక్క అంతే.

ఆ మెట్లన్నీ ఎక్కాక కూడా చట్టం ఇంకో మూడు కాగితాలు అడుగుతుంది. ఆడటం క్షేమమే అని డాక్టర్ రాసిన లెటర్, మెట్లు పూర్తయ్యాయని మీ అమ్మాయి, మీరు ఇచ్చే ఒప్పుకోలు, మళ్లీ ఆడటానికి మీ సమ్మతి పత్రం. కోచ్‌కి ఆడించే అధికారం చట్టం ఇవ్వలేదు, అంతేకాదు, ఇవన్నీ సరిగ్గా జరుగుతున్నాయా అని పైనుంచి పర్యవేక్షించే మనిషి కూడా టీమ్ కోచ్ కాకూడదని రాసిపెట్టింది. గెలవాల్సిన తొందర ఉన్నవాళ్ల చేతిలో ఈ నిర్ణయం పెట్టకూడదన్నది ఆ రాసినవాళ్ల ఉద్దేశం. నాకు ఆ చట్టంలో అన్నిటికన్నా నచ్చిన వాక్యం అదే. సమ్మతి పత్రం మీద ఆఖరి సంతకం మీది. డాక్టర్ సరేనన్నా మీకు మనసొప్పకపోతే పెట్టకండి.

వర్సిటీ గురించి పిల్ల ఏడుస్తోందన్నారు. ఆ ఏడుపుని కొట్టిపారేయకండి. పద్నాలుగేళ్లకి టీమే లోకం. కంకషన్ తర్వాత కొన్నాళ్లు చిన్నదానికే ఏడుపు రావడం, చిరాకు కూడా లక్షణాలే. ప్రాక్టీస్‌కి వెళ్లి పక్కన కూర్చుని స్కోరు రాయనివ్వండి. టీమ్‌కి దూరమైతే ఇంకా కుంగిపోతుంది.

ఒకటి మాత్రం ఫ్రిజ్ మీద రాసి అతికించుకోండి. పదేపదే వాంతులు, నిమిషనిమిషానికీ పెరిగే తలనొప్పి, లేపితే లేవకపోవడం, మాట ముద్దగా రావడం, చెయ్యో కాలో బలహీనం కావడం, ఫిట్స్, రెండు కనుపాపలు వేర్వేరు సైజుల్లో ఉండటం. వీటిలో ఒక్కటి కనిపించినా నాకు ఫోన్ చేయకండి, 911కి చేయండి.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఇర్వింగ్‌లో వీకెండ్ క్రికెట్ అకాడమీకి వెళ్తాడు. షార్ట్ బాల్ హెల్మెట్ గ్రిల్‌కి తగిలింది. 'హెల్మెట్ ఉందిగా, ఆడు' అన్నారు కోచ్. ఆడాడు. ఇంటికొచ్చాక కళ్లు తిరుగుతున్నాయన్నాడు, రెండు రోజులకి తగ్గింది. ఇది చట్టవిరుద్ధం కాదా?
(ఒక తండ్రి)

జవాబు: సర్, మీ కోపం నాకు అర్థమైంది. కానీ టెక్సస్ చట్టం వర్తించేది స్కూళ్లు, రాష్ట్ర అంతర్ పాఠశాలల లీగ్ నడిపే ఆటలకే. వీకెండ్ అకాడమీ దాని కిందికి రాదు. కాలిఫోర్నియాలో 2017 నుంచి బయటి యూత్ స్పోర్ట్స్ సంస్థలకి కూడా ఇలాంటి నియమాలే పెట్టారు, ఇక్కడ మనకి ఆ రక్షణ లేదు. మన పిల్లలు సగం మంది స్కూల్ టీముల్లో కంటే ఈ అకాడమీల్లోనే ఎక్కువ ఆడుతున్నారు. నాకు దిగులు అక్కడే.

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల కుదుపుని ఆపలేదు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రా టీ20 మీరు చూసే ఉంటారు. ఆఖరి ఓవర్లో బంతి జడేజా హెల్మెట్‌కి తగిలింది, ఆయన ఇన్నింగ్స్ ముగిసేదాకా ఆడారు కూడా. కంకషన్ అన్నది డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చాక తేల్చారు. ఆయన బదులు చాహల్ దిగి మూడు వికెట్లు తీశారు. 2019లో ఐసీసీ కంకషన్ సబ్‌స్టిట్యూట్ నియమం పెట్టింది కాబట్టి అది సాధ్యమైంది. అంతటి ఆటగాడికే బయట కూర్చోమన్నారని అబ్బాయికి చెప్పండి.

కళ్లు తిరగడం తగ్గినా ఒకసారి డాక్టర్‌కి చూపించండి, అప్పటిదాకా బ్యాట్ పట్టనివ్వకండి. వచ్చే టర్మ్ ఫీజు కట్టేముందు అకాడమీని రాతపూర్వకంగా అడగండి: తలకి తగిలితే ఆ రోజు ఆపేస్తారా, డాక్టర్ కాగితం అడుగుతారా? నలుగురు తండ్రులు కలిసి అడిగితే ఒప్పుకుంటారు. ఆ హెల్మెట్ మాత్రం పారేయండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా రెండో దెబ్బకి పనికిరాదు.

ప్రశ్న: డాక్టర్ ఆంటీ, నాకు 16. నార్త్ కరోలినాలో కేరీలో ఉంటాం. స్కూల్ రెజ్లింగ్ టీమ్‌లో ఉన్నా. సోమవారం ప్రాక్టీస్‌లో పార్టనర్ మోకాలు నా తలకి తగిలింది. అప్పటినుంచి తలనొప్పి, బోర్డు మీద రాసింది మసకగా కనిపిస్తోంది. ఎవరికీ చెప్పలేదు. ఇబుప్రొఫెన్ వేసుకుంటున్నా. శనివారం మీట్ ఉంది. చెప్తే కోచ్ తీసేస్తాడు, నాన్న రెజ్లింగే మానేయమంటాడు. శనివారం అయ్యాక చెప్తే ఓకేనా?
(ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చిన తెలుగు మెయిల్. తెలుగు లిపిలోకి మార్చాం. వేసుకోవడానికి ఆ అబ్బాయి, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు.)

జవాబు: నాన్నా, ఓకే కాదు. నీ మెయిల్‌కి గంటలోపే ఇదే జవాబు పంపాను. మిగతా పిల్లల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

మీ రాష్ట్రంలో చట్టం పేరు గఫెల్లర్-వాలర్ చట్టం. 2011లో వచ్చింది. ఆ రెండు పేర్లూ నీ ఈడు కుర్రాళ్లవి. మాథ్యూ గఫెల్లర్, జాక్వాన్ వాలర్. 2008లో ఇద్దరూ హైస్కూల్ ఫుట్‌బాల్‌లో తలకి దెబ్బలు తగిలి చనిపోయారు. జాక్వాన్‌కి మొదటి దెబ్బ తగిలింది మ్యాచ్‌లో కాదు, ప్రాక్టీస్‌లో. రెండు రోజుల తర్వాత మ్యాచ్‌లో దిగాడు. నీ సోమవారం, నీ శనివారం చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఇలాంటిది చాలా అరుదు, నిన్ను భయపెట్టి పడుకోబెట్టాలని చెప్పడం లేదు. కానీ ఎవరికి జరుగుతుందో ముందే చెప్పగల డాక్టర్ ఎక్కడా లేరు.

మాత్రలు ఆపేయ్. అవి నొప్పిని దాస్తాయి, దెబ్బని కాదు. ఎలా ఉందో నీకే తెలియకుండా పోతుంది.

కోచ్ తీసేస్తాడన్నావు. లక్షణాలు ఉన్నాయని తెలిశాక అదే రోజు నిన్ను ఆపడం, డాక్టరో, చట్టం ఒప్పుకున్న ఇంకో వైద్య నిపుణుడో రాసిచ్చేదాకా దింపకపోవడం ఆయన ఇష్టం మీద ఆధారపడి లేదు, చట్టం చేయమన్న పని. మీ రాష్ట్రంలో అథ్లెటిక్ ట్రైనర్ కూడా ఆ కాగితం ఇవ్వొచ్చు, కాబట్టి నేరుగా ట్రైనర్ దగ్గరికే వెళ్లు. ఇది శిక్ష కాదు. వెంటనే బయటికొచ్చినవాళ్ల కంటే దాచిపెట్టి ఆడినవాళ్లు తేరుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నీకు సీజన్ మిగలాలంటే ఈ శనివారం వదులుకో.

నాన్న గురించి. మా నాన్న నా కబడ్డీ మాన్పించారని పైన రాశాను. నాకేం జరిగిందో ఆయనకి తెలియదు, నాకు చెప్పడం రాలేదు. నీకు మాటలు నేను రాసిస్తాను. అన్నం తినేటప్పుడు, టీవీ ఆపించి, తెలుగులోనే చెప్పు: 'నాన్నా, సోమవారం తలకి దెబ్బ తగిలింది. అప్పటినుంచి నొప్పి, చూపు మసక. భయమేసి దాచాను. రేపు నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. రెజ్లింగ్ మానాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాక మాట్లాడుకుందాం.' వాళ్లు ముందు కేకలేస్తారు, వెయ్యనీ. నా నంబర్ నీకు పంపిన మెయిల్లో ఉంది, అమ్మానాన్నల చేత నాకు ఫోన్ చేయించు.